జోంబాలో నల్లా లేని ఇల్లు

ఆఫ్రికా అనుభవాలు రాయమని మన బడి పాత విద్యార్థుల సంచిక వాళ్లు అడిగినప్పుడే అనుకున్నాను, అందరూ సింహాల కోసం చూస్తారని. పది నెలల్లో నాకు ఒక్క సింహం కూడా కనబడలేదు. కోతులు మాత్రం కనబడ్డాయి. అవీ మన గుట్ట మీది కోతుల్లాగే, చేతిలో సంచి కనిపిస్తే వదలవు.

మన 1989 పదో తరగతి బ్యాచ్‌లో లెక్కలంటే ఏడ్చిన నేనే చివరికి లెక్కల టీచరునయ్యాను. హన్మకొండలో ఇరవై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పి, బిడ్డ పెళ్లి చేశాక, 2022 జూన్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున మలావీ వెళ్లాను. జోంబా పక్కన ఒక సెకండరీ స్కూలు. జోంబా 1975 దాకా ఆ దేశ రాజధాని, పెద్ద కొండ కింద ఊరు. ఆఫ్రికా అంటే ఎండలే కదా అని నూలు చీరలు సర్దుకుని పోయి, దిగీ దిగగానే వణికాను. భూమధ్యరేఖకు దిగువన జూన్, జూలై చలికాలమని మన బడిలోనే చదివాం. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. పెట్టె సర్దేటప్పుడు గుర్తు రాలేదు, అంతే.

నాకిచ్చిన ఇంట్లో నల్లా లేదు. రెండు వందల అడుగుల దూరంలో బోరింగు. చీకటితోనే ఆడవాళ్లు, ఆడపిల్లలు బకెట్లతో వరస కట్టేవాళ్లు. మొదటి రోజు నేను బోరింగు కొట్టిన తీరు చూసి వరసంతా నవ్వింది. ఒకామె ‘అమాయి’ అంటూ వచ్చి పిడి అందుకుంది. చిచేవా భాషలో అమాయి అంటే అమ్మ. మన ‘అమ్మా’లాగే, ఏ ఆడమనిషినైనా అట్లానే పిలుస్తారు. అక్కడ నేను నేర్చుకున్న మొదటి మాట ‘మాడ్జి’, నీళ్లు. రెండోది ‘మగెత్సి’, కరెంటు. రెండూ లేనప్పుడే ఎక్కువగా వినిపించేవి.

రోజుకు మూడు బకెట్లు నా కోటా. ఒకటి స్నానానికి, ఒకటి వంటకూ తాగడానికీ, ఒకటి బట్టలకూ గిన్నెలకూ. గిన్నెలు కడిగిన నీళ్లు పారబోయకుండా మరుగుదొడ్డికి. ఆ ఏడాది అక్కడ కలరా ఉంది, తర్వాతి ఏడాది దాకా సాగి 1,700 మందికి పైగా ప్రాణాలు తీసింది. అందుకని తాగే ప్రతి చుక్కా కాచాల్సిందే, కాచడానికి బొగ్గుల పొయ్యి. కుండలో నీళ్లు మసులుతుంటే మన బడి వెనక నల్లాల వరస గుర్తొచ్చేది. ఇంటర్వెల్‌లో దోసిళ్లతో చల్లుకుని, విప్పిన నల్లా విప్పినట్టే వదిలి ఉరికేవాళ్లం. ఆయమ్మ అరిచేది: “నల్లా బంద్ జేయుండ్రి! చెరువు మీ తాత తవ్విచ్చిండా?” “కాకతీయులు తవ్విచ్చిండ్రు ఆయమ్మా!” అని మనవాడొకడు. పేరు రాయను, ఇప్పుడు పెద్ద ఆఫీసరు.

కరెంటు సంగతి వేరు. 2022 జనవరిలో అనా తుఫానుకు షిరే నది మీది కపిచిరా జలవిద్యుత్ కేంద్రం దెబ్బతిన్నది. దేశంలో తయారయ్యే కరెంటులో దాదాపు మూడో వంతు ఒక్కసారిగా పోయింది. నేనున్నన్నాళ్లూ కోతలే. కొవ్వొత్తి పెట్టుకుని తొంభై పేపర్లు దిద్దాను. అయినా చీకటి గదిలోకి పోగానే చెయ్యి దానంతట అదే స్విచ్ మీదికి పోయేది. పది నెలలైనా ఆ అలవాటు పోలేదు.

తిండికి మాత్రం నేను బాధపడలేదు. వాళ్ల ‘న్సిమా’ మన మక్క గటకే, కాస్త గట్టిగా, తెల్లగా ఉంటుంది. చిన్నప్పుడు నాయనమ్మ గటక పెడితే ముఖం తిప్పుకుని అన్నం కావాలని ఏడ్చినదాన్ని, అక్కడ రెండోసారి వడ్డించుకుని తిన్నాను. చింతపండు కూడా దొరికింది. ఆ చెట్లు అక్కడా ఉన్నాయి, ‘బ్వెంబా’ అంటారు. పప్పుచారు కాస్తే పక్కింటివాళ్లు పులుపుకు కళ్లు మూసుకుని తాగారు.

ఇదంతా కష్టాలు పడ్డానని చెప్పుకోవడానికి రాయడం లేదు. నా పెట్టెలో తిరుగు టికెట్ ఉంది. బోరింగు దగ్గరి పిల్లలకు అట్లాంటి టికెట్ లేదు. తడిసిన గౌను పిండుకుని, అదే గౌనుతో నా క్లాసుకొచ్చి ముందు బెంచీలో కూర్చునేవాళ్లు. 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుఫాను వచ్చి స్కూళ్లు మూతపడ్డాయి. ఇళ్లు పోయినవాళ్లు తరగతి గదుల్లో తలదాచుకున్నారు. ఆ రోజుల గురించి ఇక్కడ రెండు వాక్యాల్లో రాయలేను.

ఏప్రిల్‌లో ఇంటికొచ్చాను. వచ్చిన వారానికే, పక్కింటి ట్యాంకు నిండి గంటసేపు కారుతుంటే పోయి గొడవ పెట్టుకున్నాను. మనిషి మారిపోయి వచ్చిందని వెనక అనుకున్నారట. అననీ.

జూలైలో మన దగ్గర పడ్డ వానలు మీకందరికీ గుర్తే. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే దాదాపు 65 సెంటీమీటర్లు. హన్మకొండలో కాలనీలు మునిగాయి. మా ఇంట్లో రెండు రోజులు కరెంటు లేదు, మోటరు నడవలేదు, ట్యాంకు అడుగంటింది. రెండో రోజు పొద్దున మా ఆయన తువ్వాల భుజాన వేసుకుని, “స్నానం ఎట్లనే?” అన్నారు. బకెట్ నిండా పట్టిపెట్టిన వాననీళ్లు ముందుపెట్టి, మగ్గు తీసేసి చిన్న చెంబు చేతికిచ్చాను.

“సగం నాకుంచండి” అన్నాను.