సర్టెన్టీ అనే పదాన్ని నేను ఎలా చదివాను

విశాఖ ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదివేవాళ్ల ఏ టేబుల్ దగ్గర చూసినా ఒక సినానిమ్స్ (సమానార్థక పదాల) నోట్‌బుక్ కనిపిస్తుంది. సర్టెన్టీ (ఖాయమన్న నమ్మకం) పక్కన కన్విక్షన్, అష్యూరెన్స్ అని రాసుకుంటారు, వ్యతిరేకానికి డౌట్ అని పెడతారు. అంతటితో ఆ పదం అయిపోయిందనుకుని తర్వాతి దానికి వెళ్లిపోతారు. నేను మాత్రం ఇలాంటి కొన్ని పదాల దగ్గరే ఎక్కువ రోజులు ఆగాను. ఒక వాక్యం ఎంత నమ్మకంగా మాట్లాడుతోందో పట్టుకోవడం వస్తే గ్రామర్ ఒక్కటే కాదు, రీజనింగ్‌లో కూడా మార్కులు పెరుగుతాయని నా అనుభవం.

ముందు ఎర్రర్ స్పాటింగ్, అంటే వాక్యంలో తప్పు పట్టే ప్రశ్నల సంగతి. మనిషి కర్త అయితే ‘ఐ యామ్ ష్యూర్’, ‘ఐ యామ్ సర్టెన్’ రెండూ చెల్లుతాయి. ‘ఇట్’తో మొదలైతే మాత్రం ‘ఇట్ ఈజ్ సర్టెన్ దట్’ అనాలి, అక్కడ ష్యూర్ పెడితే తప్పు. ‘ఎ సర్టెన్ మ్యాన్’ అంటే ఒకానొక మనిషి అని, అందులో నమ్మకం ప్రసక్తే లేదు. సర్టెన్టీకి ముందు ‘ఎ’ చేరితే జరిగి తీరే విషయం అవుతుంది: ‘హిజ్ సెలక్షన్ ఈజ్ ఎ సర్టెన్టీ’ అంటే అతని సెలక్షన్ ఖాయం. ‘ఎ’ లేకుండా ‘విత్ సర్టెన్టీ’ అంటే కచ్చితంగా అని.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు అసలు చిక్కు మస్ట్ దగ్గర వస్తుంది. ‘ఈపాటికి ఇంట్లో ఉంటాడు’ అని మనం మామూలుగా అనేస్తాం. అది ఊహే, కానీ గట్టి ఊహ. ఇంగ్లిష్‌లో ‘హి మస్ట్ బి ఎట్ హోమ్’. దీన్నే తిరగేసి ‘ఇంట్లో ఉండే అవకాశమే లేదు’ అనాలంటే చాలామంది ‘మస్ట్ నాట్’ రాసేస్తారు. మస్ట్ నాట్ అంటే ఉండకూడదు అని నిషేధం. ఇక్కడ రావాల్సింది ‘కాంట్ బి’. అలాగే ‘వెళ్లిపోయి ఉంటాడు’కి మస్ట్ హావ్ గాన్, ‘వెళ్లి ఉండొచ్చు’కి మే హావ్ గాన్ లేదా మైట్ హావ్ గాన్. ఈ జతలను తెలుగు వాక్యం పక్కన ఇంగ్లిష్ వాక్యంగా రాసుకుంటూ చదవండి. రూల్స్ బట్టీ పట్టడం కంటే ఇది బాగా నిలుస్తుంది.

నాకు బాగా పనికొచ్చిన ప్రాక్టీస్ ఇంకొకటి ఉంది, అది మన ఊళ్లోనే దొరుకుతుంది. విశాఖలో తుపాను హెచ్చరిక కేంద్రం ఉంది కదా, వాతావరణ శాఖ ఇంగ్లిష్ బులెటిన్లు చదవండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటింది మన దగ్గరే కాబట్టి, ఆ భాష మనకెవరికీ పరాయిది కాదు. అందులో ‘లైక్లీ’ అనే మాటను ఊరికే వాడరు, జరిగే అవకాశానికి శాతం కట్టి వాడతారు. 25 శాతం లోపు అయితే అన్‌లైక్లీ, 25 నుంచి 50 వరకు లైక్లీ, 50 నుంచి 75 వరకు వెరీ లైక్లీ, 75 దాటితే మోస్ట్ లైక్లీ. అంటే వాళ్ల లెక్కలో ఒట్టి లైక్లీ సగం కూడా దాటదు! ‘వెరీ లైక్లీ ఎట్ ఐసొలేటెడ్ ప్లేసెస్’ (అక్కడక్కడా) అని ఉంటే అందులో రెండు వేర్వేరు సంగతులు ఉన్నాయి: వాన పడుతుందన్న నమ్మకం ఎంత, పడితే ఎన్ని చోట్ల పడుతుంది. కాంప్రహెన్షన్ పాసేజ్‌లో రచయిత ‘మే’ అన్నదాన్ని ఆప్షన్‌లో ‘విల్’గా మార్చి వల వేస్తారు. బులెటిన్లు చదివిన కన్ను ఆ వలను వెంటనే పట్టేస్తుంది.

రీజనింగ్‌లో సిలాజిజమ్ కూడా, అంటే ఇచ్చిన వాక్యాల నుంచి ఏది తప్పక తేలుతుందో చెప్పే ప్రశ్న కూడా, ఇదే పని అడుగుతుంది. కొన్ని పెన్నులు పుస్తకాలు అన్నారంటే, కొన్ని పెన్నులు పుస్తకాలు కావని తేల్చలేం. అది కుదిరే మాటే, ఖాయమైన మాట కాదు.

ఇక నెగటివ్ మార్కుల సంగతి. కేంద్ర ఉద్యోగాలకు ఎస్‌ఎస్‌సీ పెట్టే సీజీఎల్ పరీక్ష టియర్ 1లో ఒప్పుకి 2, తప్పుకి 0.50 కోత. నాలుగు ఆప్షన్లలో ఏమీ తెలియకుండా పెడితే సగటున ప్రశ్నకు 0.125 మాత్రమే మిగులుతుంది. రెండు ఆప్షన్లు నిజంగా తీసేయగలిగితే అది 0.75 అవుతుంది. మూడో వంతు కోత ఉన్న గ్రూప్ 2 ప్రిలిమ్స్‌లో గుడ్డిగా పెడితే సగటు సున్నా. కాబట్టి మీకు ఎంత తెలుసో మీకే సరిగ్గా తెలియాలి. దీనికోసం మాక్ టెస్ట్ రాసేటప్పుడు రఫ్ షీట్ మీద ప్రతి ప్రశ్న నంబరు పక్కన ‘ఖా’, ‘రెం’, ‘గు’ అని రాసేదాన్ని: ఖాయం, రెండిట్లో ఒకటి, గుడ్డిగా. స్కోరు చూడకముందే ఒక్కోటి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, తర్వాత ఏ గుంపులో ఎన్ని ఒప్పయ్యాయో చూసుకునేదాన్ని. ‘గు’లో తప్పులు వస్తే టెన్షన్ పడనక్కర్లేదు. మీ మాక్‌లో ‘ఖా’ అనుకున్నవాటిలో తప్పులు ఒకే టాపిక్ నుంచి వరసగా వస్తున్నాయంటే మాత్రం కొత్త చాప్టర్ పక్కన పెట్టి, ముందు ఆ టాపిక్ మొదటి పేజీ నుంచి మళ్లీ తీయండి.