డాక్టరు మూడుసార్లు అడిగినా నేను చెప్పని మందు

మొదట వచ్చింది దురద. అరచేతులు, అరికాళ్లు. పగలు ఫర్వాలేదు గానీ రాత్రి పడుకుంటే గోళ్లతో గీక్కోవడమే, రూమ్మేట్ లేచి లైటు వేసి నల్లులేమో అని పరుపు ఎత్తి మరీ చూశాడు. తర్వాత యూరిన్ డికాషన్ రంగులోకి వచ్చింది. ఎండల వల్ల అనుకున్నా. ఆఫీసులో ఒక అక్క "ఏంటి, నీ కళ్లు పసుపు పూసినట్టున్నాయి?" అనేదాకా కామెర్లని తట్టనే లేదు.

కామెర్లు ఎంతున్నాయో చెప్పే బిలిరుబిన్ 11.4. మామూలుగా 1.2 లోపు ఉండాలి. హెపటైటిస్ ఎ, బి, సి, ఇ అన్నీ నెగటివ్, స్కానింగ్‌లో రాళ్లూ లేవు. మందు తాగుతావా అని అడిగారు డాక్టరు గారు. లేదు సార్. నాటుమందులు? లేదు. ట్యాబ్లెట్లు ఏమైనా? లేదు. అబద్ధమాడుతున్నానని నాకు నిజంగానే అనిపించలేదు. నా లెక్కలో అది మందు కాదు, సప్లిమెంటు. ప్రొటీన్ డబ్బా పక్కనే ఉండేది.

దాని పేరు ఆర్ఏడీ-140. కండ పెంచుకోవడానికి జిమ్ కుర్రాళ్లు వాడే సరుకు, సార్మ్స్ అంటారు ఈ రకాన్ని. "స్టెరాయిడ్ కాదు బ్రో, కండ మీదే పనిచేస్తుంది" అని ఒక రీల్, కింద డిస్కౌంట్ కోడు. టెలిగ్రామ్‌లో తెప్పించుకుని 7 వారాలు వాడా. బెంచ్ ప్రెస్ 15 కిలోలు పెరిగింది, దాచడమెందుకు.

నన్ను చూసుకోవడానికి అమ్మ ఊరి నుంచి వచ్చింది, వస్తూ వస్తూ నేల ఉసిరి పసరు తెచ్చింది. అసలే దెబ్బతిన్న లివరమ్మా, దాని మీద ఇంకోటి పోయకండి అని డాక్టరు గారు గట్టిగా కోప్పడ్డారు. అమ్మకు ఉక్రోషం వచ్చింది. "ఆకు పసరుకే ఇంత భయపడుతున్నారు, మరి వీడి గదిలో ఈ చుక్కలమందేంటో చూడండి సార్" అని సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది. గది సర్దుతుంటే దొరికిందట. ఆయన కళ్లజోడు పైకి నెట్టి లేబుల్ మీది చిన్న అక్షరాలు చదివారు: పరిశోధనకు మాత్రమే, మనుషులు వాడరాదు. అన్ని రోజులు చేతిలో పట్టుకున్న సీసా, నేనెప్పుడూ చదవలేదు.

ఈ సార్మ్స్ వల్ల లివర్ దెబ్బతింటుందని, గుండెపోటు, పక్షవాతం ముప్పు కూడా ఉందని అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించిందట. క్రీడల్లో అయితే 2008 నుంచే నిషేధం.

దీనికి విరుగుడు లేదు, ఆపేసి ఎదురుచూడటమే. ఆపాక కూడా బిలిరుబిన్ 16 దాకా ఎక్కింది, ఆ రెండు వారాల టెన్షన్ మాత్రం పగవాడికి కూడా వద్దు. పిత్తం కోసం ట్యాబ్లెట్లు, దురదకి నీళ్లలో కలుపుకునే పొడి ఇచ్చారు. అలా పనిచేసేది బయటి నుంచి వస్తోంది కదా అని ఒళ్లు టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్‌ను సొంతంగా తయారు చేయడం కూడా దాదాపు మానేసింది, అందుకే కాబోలు కామెర్లు తగ్గుతున్నా ఏ పని మీదా మనసు పోయేది కాదు. అన్నీ మామూలవడానికి నాలుగు నెలలు పట్టింది, 9 కిలోలు తగ్గా. ఆ రీల్ కింద నా రిపోర్టు సంగతి రాస్తే "డోసు తప్పు వేసుంటావ్ బ్రో" అన్నాడు ఆ రీల్ పెట్టినవాడు, మర్నాటికి బ్లాక్.

సీసా డాక్టరు గారి దగ్గరే ఉంది. నా వయసు కుర్రాళ్లు కామెర్లతో వస్తే ఇప్పుడాయన మందులేమైనా వాడుతున్నావా అని అడగట్లేదట, సొరుగులోంచి దాన్ని తీసి ముందు పెట్టి, ఇలాంటిది ఉందా నీ దగ్గర అంటున్నారట.