‘కడుపుతో ఉన్నప్పుడు ఎక్స్‌రే తీశారా?’ అని అడగడానికి పడ్డ పాట్లు

కమ్యూనిటీ మెడిసిన్ పీజీలో చేరిన మొదటి ఏడాదే థీసిస్ టాపిక్ ఇచ్చేయాలి. వరంగల్‌లో మా బ్యాచ్ వాళ్లంతా రక్తహీనత, బీపీ, షుగర్ అంటూ చకచకా తేల్చేసుకున్నారు. నేను మాత్రం తల్లి కడుపులో ఉండగా తగిలిన రేడియేషన్‌కీ, చిన్నపిల్లల క్యాన్సర్‌కీ ఉన్న సంబంధం మీద చేస్తానన్నాను. గైడ్ సార్ కాదనలేదు. "ముందు శాంపిల్ సైజ్ లెక్కేసుకుని రామ్మా" అన్నారు, అంతే. అంటే ఎంతమందిని పరిశీలిస్తే ఫలితం నమ్మదగ్గదవుతుందో ఆ లెక్క.

నన్ను ఈ టాపిక్‌లోకి లాగింది బ్రిటిష్ డాక్టర్ ఆలిస్ స్టీవర్ట్. ఇంగ్లండ్, వేల్స్‌లో 1953–55 మధ్య క్యాన్సర్‌తో చనిపోయిన పదేళ్లలోపు పిల్లల తల్లులనూ, ఆరోగ్యంగా ఉన్న పిల్లల తల్లులనూ ఆమె ఒకే ప్రశ్నలు అడిగించింది. పిల్లలు తిన్న రంగు మిఠాయిల దాకా సాగిన ఆ ప్రశ్నల మధ్యలో ఎక్స్‌రే ప్రశ్న కూడా ఉంది. గర్భంతో ఉండగా పొట్టకు ఎక్స్‌రే తీశారన్న జవాబు బిడ్డను పోగొట్టుకున్న తల్లుల్లో దాదాపు రెట్టింపు వచ్చింది. ఇంత పనికి మొదట దొరికిన డబ్బు వెయ్యి పౌండ్లు. అదీ లేడీ టాటా పేరు మీదున్న నిధి నుంచి. టాటా ఇంటి కోడలు మెహర్‌బాయి బ్లడ్ క్యాన్సర్‌తో పోయాక, 1932లో పెట్టిన నిధి అది.

1956లో మొదటి ఫలితాలు బయటికి రాగానే వచ్చిన అభ్యంతరం ఒకటే: బిడ్డ పోయిన తల్లి అన్నీ తవ్వి తవ్వి గుర్తు చేసుకుంటుంది, మిగతా తల్లులు మరిచిపోతారు అని. పొగతాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ లంకె చూపించిన రిచర్డ్ డాల్ కూడా 1960లో తన లెక్కలో ఎక్స్‌రేతో అలాంటి లంకేమీ కనిపించలేదన్నాడు. 1962లో అమెరికాలో మెక్‌మాన్ అనే పరిశోధకుడు తల్లులను అడగకుండా నేరుగా ఆస్పత్రి రికార్డులే తిరగేశాడు. అయినా క్యాన్సర్ మరణాలు 40 శాతం ఎక్కువగానే తేలాయి. చివరికి 1997లో ఆ డాల్ స్వయంగా, వేక్‌ఫర్డ్ అనే మరో పరిశోధకుడితో కలిసి, కడుపులో బిడ్డకు 10 మిల్లీగ్రే (ఒంటికి చేరిన రేడియేషన్‌ను కొలిచే లెక్క) తగిలినా ముప్పు పెరుగుతుందని రాశాడు. ఆ పేపర్ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నలభై ఏళ్ల వాదన అది.

శాంపిల్ సైజ్ దగ్గర మాత్రం నేల మీదికి వచ్చాను. ముప్పు 1.4 రెట్లు అనుకుందాం. గర్భిణుల్లో పదిమందికి ఒకరు ఎక్స్‌రే తీయించుకునే స్టీవర్ట్ కాలంలో అయితే జబ్బున్న పిల్లలు సుమారు 1,350 మంది, లేనివాళ్లు అంతేమంది చాలు. ఇప్పుడు ఆ పని అల్ట్రాసౌండ్ చేస్తోంది, దాంట్లో రేడియేషనే లేదు. ఎక్స్‌రే నూటికి ఒకరికే అనుకుంటే ఒక్కో వైపు 12,000 మంది కావాలి. వరంగల్, ములుగు, భూపాలపల్లి, జనగామ, మహబూబాబాద్ మొత్తం ఊడ్చినా పీజీ మూడేళ్లలో అంతమంది పిల్లలు దొరకరు. దొరకకపోవడమే మంచిది కూడా.

సార్ కాగితం చూసి నవ్వారు. "లంకె నువ్వు తేల్చలేవు. తల్లుల గుర్తు ఎంతవరకు నమ్మొచ్చో తేల్చు" అన్నారు. అలా టాపిక్ మారింది: గర్భంతో ఉండగా తీసిన ఎక్స్‌రే ఫిల్ముల గురించి తల్లి చెప్పేదీ, ఆమె దగ్గరున్న కాగితాలు చెప్పేదీ పోల్చడం.

ఎథిక్స్ కమిటీ నా ప్రపోజల్‌ను వెనక్కి పంపింది. డాక్టర్లు అడిగినవి మామూలు ప్రశ్నలే. కమిటీలో వైద్యంతో సంబంధం లేని సభ్యురాలు ఒకామె మాత్రం, "ఈ ప్రశ్న ఎవరి ముందు అడుగుతారు?" అంది. ఆ మాటకు విలువ వార్డులో తెలిసింది. ప్రశ్నాపత్రం సరిపోతుందో లేదో చూడ్డానికి మొదట మాట్లాడిన తల్లులలో ఒకామె పరకాల వైపు నుంచి వచ్చింది. పిల్లాడికి ల్యుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్. కీమో కోసం కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి తిరుగుతున్నారు. నేను ఎక్స్‌రే మాట ఎత్తానో లేదో, పక్కనున్న అత్త అందుకుంది: "నేను ముందే చెప్పిన గదా బిడ్డా, ఆ ఫొటోలు తీపియ్యకుండ్రి అని. ఇన్నరా?" కోడలు తల వంచుకుంది.

ఆ తర్వాత ఎవరితోనైనా విడిగా గదిలోనే మాట్లాడాను. ఎక్స్‌రే ప్రశ్నను జ్వరం, మాత్రలు, టీకాల మధ్యలో పెట్టాను. జబ్బు లేని పిల్లల తల్లులకూ అదే వరస, అదే గొంతు.

పరకాల ఆమెను మళ్లీ కలిసినప్పుడు మందుల షాపు కవరు నిండా కాగితాలు తెచ్చింది. మాతాశిశు కార్డు, మడతలు పడిన స్కానింగ్ రిపోర్టులు, అడుగున ఒక ఫిల్ము. ఆమె లెక్కలో "నాలుగైదు ఫొటోలు". కాగితాల్లో చూస్తే అన్నీ అల్ట్రాసౌండ్ స్కానింగులే, ఆరో నెలలో దగ్గుకు తీసిన ఛాతీ ఎక్స్‌రే ఒక్కటి తప్ప. ఛాతీ ఎక్స్‌రేలో కడుపులో బిడ్డకు చేరేది 0.01 మిల్లీగ్రే కన్నా తక్కువ. డాల్ చెప్పిన 10లో అది వెయ్యో వంతు కూడా కాదు. ఆ 10 తగిలిన బిడ్డ విషయంలో కూడా పంతొమ్మిదేళ్ల దాకా క్యాన్సర్ రాకుండా ఉండే అవకాశం 99.7 నుంచి 99.6 శాతానికి తగ్గుతుందంతే. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ 2000లో ఇచ్చిన లెక్క ఇది.

"అయితే నా వల్ల కాదా మేడం?" అంది. పరిశోధకురాలిగా సలహాలు ఇవ్వకూడదని ఫారంలో నేనే రాసుకున్నాను. అయినా "ఆ ఫొటో వల్ల అనుకోవడానికి ఏమీ లేదమ్మా" అన్నాను. వైద్యం చేస్తున్న డాక్టరు గారితోనూ చెప్పించాను, అత్త ఎదురుగానే.

అసలు తలనొప్పి రికార్డుల దగ్గర. ఒక ప్రైవేటు డయాగ్నస్టిక్ సెంటర్ రిజిస్టర్‌లో పేరు, వయసు, ఫీజు ఉన్నాయి. గర్భం ఉందా అనే గడే లేదు. ఫిల్ము పేషెంట్ చేతికి ఇచ్చేస్తారు, అది బీరువా మీదో పరుపు కిందో చేరుతుంది. తల్లి దగ్గర కాగితం లేకపోతే పోల్చడానికి నా దగ్గర ఏమీ లేనట్టే. చాలా ఇంటర్వ్యూలు అలాగే పక్కన పెట్టాల్సి వచ్చింది.

వైవాలో బయటి ఎగ్జామినర్ థీసిస్ మూసేసి, "ఇంతకీ లంకె ఉందా, లేదా?" అన్నారు. ఉందనే ఎక్కువ ఆధారాలు చెబుతున్నాయి, అది చాలా చిన్నది, నా థీసిస్ దాన్ని కొలవలేదు అన్నాను. ఇంకేమీ అడగలేదు.

నేను ఇప్పుడు పనిచేస్తున్న చోట ఎక్స్‌రే చీటీ మీద ఆఖరి నెలసరి తేదీకి ఒక గడి పెట్టించాను. చాలామంది దాన్ని నింపకుండానే పంపుతున్నారు. ఖాళీగా వచ్చిన చీటీని టెక్నీషియన్ వెనక్కి పంపిస్తే డాక్టర్లు నాకు ఫోన్ చేసి విసుక్కుంటున్నారు.