ఖాళీ బస్తాల దగ్గర

కూలీలు పీల్చే సిమెంటు దుమ్ము కొలిచే పంపు నడుముకి కడుతుంటే పాలమూరు పెద్దాయన అడిగాడు: "ఇది మా మాటలు రికార్డ్ చేస్తదా మేడం?" కాదన్నాను. నిమిషానికి రెండు లీటర్ల గాలి లాగుతుంది, కాలర్‌కి పెట్టిన ఈ డబ్బీలో ఫిల్టర్ మీద దుమ్ము ఆగుతుంది అని చెప్పాను. నమ్మినట్టు లేదు. మధ్యాహ్నం దాకా మేస్త్రీని ఒక్క మాట అనలేదు పాపం.

కొల్లూరు వైపు సైటు అది. మా జాబితాలో ఐదుగురు: కాంక్రీటు కలిపే మిల్లర్ దగ్గర ఇద్దరు, ప్లాస్టరింగ్‌లో ఇద్దరు, గ్రైండర్‌తో గోడ కోసే కుర్రాడు. అతని దుమ్ములో సిలికా, అంటే ఇసుకలో ఉండే, ఊపిరితిత్తుల్ని పాడుచేసే ఖనిజం ఉంటుంది, దానికి పరీక్ష వేరే. మిగతావాళ్లకి లెక్క సులువు. ఎనిమిది గంటలకి 960 లీటర్ల గాలి, ఫిల్టర్ బరువు ముందెంత, తర్వాతెంత.

ఖాళీ బస్తాలు దులిపే ఆవిడ జాబితాలో లేదు. కాంట్రాక్టరు లెక్కలో అది పనే కాదు. టీ తర్వాత ఓ ఇరవై నిమిషాలు కూర్చుని, ఒక్కో బస్తా తిరగేసి దులిపి, అమ్మడానికి కట్టలు కడుతుంది. ఆ కాసేపూ ఆమె ముఖం నాకు సరిగ్గా కనపడలేదు. ముక్కుకి కొంగు చుట్టుకుంది, అంతే. "ఇంత బెల్లం తింటే పోతది బిడ్డా," అంది.

మా దగ్గర ఒక పంపు అదనంగా ఉంటే ఆమెకి కట్టాను. నా టెన్షన్ సగటు గురించి. ఉదాహరణకి ఆ ఇరవై నిమిషాలు ఘనపు మీటరుకి 60 మిల్లీగ్రాముల దుమ్ములో ఉండి, మిగతా రోజంతా 1 దగ్గర ఉందనుకోండి. ఎనిమిది గంటల సగటు మూడున్నర కూడా రాదు. అమెరికాలో కార్మికుల భద్రత చూసే ఓషా వాళ్ల హద్దు మొత్తం సిమెంటు దుమ్ముకి 15. కాగితం మీద ఆమె భేషుగ్గా ఉన్నట్టే! అందుకే దులిపేటప్పుడు వేరే ఫిల్టర్ వేశాను.

చేతుల సంగతి పంపుకి తెలియదు. తడి సిమెంటు ఘాటైన క్షారం, పీహెచ్ 12 దాటుతుంది, ప్లాస్టరింగ్ వాళ్ల వేళ్ల సందుల్లో చర్మం తినేసి ఉంది. రాత్రి కొబ్బరినూనె రాస్తారట. గ్లవ్స్ ఇచ్చారు గానీ లోపలికి మాలు దిగితే ఇంకా మంట, తీసి పక్కన పడేశారు. వాళ్లని తప్పుపట్టలేను.

సాయంత్రం పంపు విప్పుతుంటే పెద్దాయన, "ఏమొచ్చింది?" అన్నాడు.

"వారం పడుతుంది."

"వారానికి మేం ఇంకో సైటుకి పోతం గదా."

ఆయన ఫోన్ నంబరు శాంపిల్ షీటు వెనకాల రాసుకున్నాను.