మూడోసారికి నెట్ లా కొట్టా: నన్ను ముంచిందీ తేల్చిందీ ఒకటే టాపిక్

యూజీసీ నెట్ (కాలేజీ లెక్చరర్లకి అర్హత పరీక్ష) లా సబ్జెక్టు రిజల్ట్ వచ్చి నాలుగు రోజులైంది. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి క్వాలిఫై అయ్యా, జేఆర్ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) రాలేదు, దానికి ఏడ్చే ఓపిక కూడా లేదు. నెట్ వచ్చిందంటే మా చిన్నాయన "ఏంది, వలా? ఇంక రామాయపట్నం పోయి చేపలు పట్టుకో" అన్నాడు. మాది కందుకూరు పక్క పల్లె. నేను పుట్టినప్పుడు ప్రకాశం, 2022లో ఒక గెజిట్ నోటిఫికేషన్‌తో నెల్లూరు జిల్లాలో కలిపారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

పేపర్ వన్ గురించి రాయడానికేం లేదు, పాత పేపర్లు చేశా, అంతే. టైమ్‌టేబుల్ అడగొద్దు, నాకే లేదు.

రెండో అటెంప్ట్ నాలుగు మార్కులతో పోయింది, అంటే రెండు ప్రశ్నలు. కీ పెట్టుకుని చూస్తే తప్పుల్లో రెండు ఆర్టికల్ 253 దగ్గరే. ట్రీటీ, అంటే వేరే దేశాలతో ఒప్పందం, ఏదైనా సరే పార్లమెంటు చట్టం చేస్తేనే కదులుతుందని గుడ్డిగా బట్టీ పట్టేశా. 253 పార్లమెంటుకి ఇచ్చిన పవర్, స్టేట్ లిస్ట్ (రాష్ట్రాల చేతిలో ఉండే) సబ్జెక్టయినా ట్రీటీ అమలుకి చట్టం చేసుకోవచ్చని, అంతేగాని చట్టం లేకపోతే గవర్నమెంటు చేతులు కట్టుకు కూర్చోవాలని అందులో యాడా లేదు. ఆర్టికల్ 73 చదవండి, ట్రీటీ వల్ల వచ్చిన హక్కులూ అధికారాలూ వాడుకోవడం కూడా యూనియన్ ఎగ్జిక్యూటివ్ (కేంద్ర ప్రభుత్వ) పవర్ కిందికే వస్తుంది. రెండో తప్పు ఇంకా సిగ్గు. 1974 వాటర్ యాక్ట్‌ని 253లో పెట్టా. అది రాష్ట్రాలు తీర్మానాలు చేస్తే 252 కింద వచ్చింది, 1972 స్టాక్‌హోమ్ పర్యావరణ సదస్సు పేరు చెప్పి 253 కింద వచ్చింది 1981 ఎయిర్ యాక్ట్.

ఆ ఎండాకాలమే మా నాయనకీ చిన్నాయనకీ గట్టు తగాదా. సర్వేయరు ఎఫ్ఎంబీ (పొలం కొలతల రికార్డు) కాపీ పట్టుకొచ్చి కొలిచి రాళ్లు నాటించాడు, చిన్నాయన ఇన్నాళ్లూ దున్నుకుంటున్న మూడు సెంట్లు మావైపు పడ్డాయి. "నా భూమి వాళ్లకిస్తే రిజిస్ట్రేషన్ ఏది, నా కొడుకుల సంతకాలేవి" అని ఆయన అరుస్తుంటే సర్వేయరు నిమ్మళంగా "ఇచ్చిందేం లేదయ్యా, హద్దు యాడుందో చూపించా, అంతే" అన్నాడు. నేను నీళ్ల చెంబు పట్టుకుని అట్టానే నిలబడిపోయా. ఇది మగన్‌భాయ్ కేసు గదా!

ఆ కేసేందంటే, గుజరాత్-పాకిస్తాన్ హద్దులోని రాన్ ఆఫ్ కచ్ మీద 1968లో ట్రిబ్యునల్ అవార్డు (తీర్పు) ఇచ్చింది, పాకిస్తాన్ అడిగినదాంట్లో దాదాపు పదో వంతు అటు పోయింది. రాజ్యాంగ సవరణ లేకుండా ఎట్టా ఇస్తారని కేసేస్తే, తేలని హద్దుని తేల్చుకోవడం భూమి ఇచ్చెయ్యడం కాదు, ఎగ్జిక్యూటివ్ చాలని 1969లో సుప్రీంకోర్టు అంది. బెంగాల్ సరిహద్దులోని బెరుబారి అట్టా కాదు, అది దేశ విభజన హద్దు గీసిన రాడ్‌క్లిఫ్ అవార్డులో మనకొచ్చి మన చేతిలో ఉన్నది, పాకిస్తాన్‌తో 1958 నెహ్రూ-నూన్ ఒప్పందంలో సగం ఇస్తామన్నారు, ఇదీ హద్దు సర్దుబాటే అని కేంద్రం వాదించినా 1960లో కోర్టు ఒప్పుకోలేదు, రాష్ట్రాల హద్దులు మార్చే ఆర్టికల్ 3 చట్టం కూడా చాలదు, రాజ్యాంగాన్నే సవరించే ఆర్టికల్ 368 కావాలంది, తొమ్మిదో సవరణ అట్టా వచ్చింది. 2015లో బంగ్లాదేశ్ ఎన్‌క్లేవ్‌లకి (ఒక దేశం లోపల చిక్కుకున్న ఇంకో దేశం ముక్కలకి) వందో సవరణ ఎందుకో ఇంక వేరే చెప్పక్కర్లేదు. జిల్లా హద్దుకి నోటిఫికేషన్, రాష్ట్రానికి ఆర్టికల్ 3, దేశం భూమి వదలాలంటే 368, ఈ వరసలో పెట్టుకుంటే నిద్రలో లేపి అడిగినా చెప్తారు.

మగన్‌భాయ్‌లోనే జస్టిస్ షా మాట వదలొద్దు, ట్రీటీ అమలు పౌరుల హక్కులకి అడ్డమొచ్చినా, ఉన్న చట్టం మారాల్సొచ్చినా చట్టం చెయ్యాల్సిందే. అంతర్జాతీయ ఒప్పందం మన కోర్టుల్లో ఎంతవరకు పనిచేస్తుందో చెప్పిన జాలీ జార్జ్ వర్గీస్ 1980, విశాఖ 1997 తీర్పులు దీని పక్కనే రాసుకోండి.

ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుందని చుట్టాలు చాలా అన్నారు. కూర్చోలేదు, చదివా. రోజుకి రెండు తీర్పులు, నోట్స్‌లో కాదు, అసలు తీర్పులు. మీరు ఫోన్లో రీల్సు తిప్పుకుంటూ "మెటీరియల్ ఉంటే పెట్టక్కా" అంటే నేనేం పెట్టను? కోపం తెచ్చుకోవద్దు, మొదటి అటెంప్ట్‌లో నేనూ అంతే.

రిజల్ట్ రోజు చిన్నాయనకి స్వీట్లు తీసుకెళ్లి ఇచ్చా. తిన్నాడు, రెండోది కూడా తీసుకున్నాడు. ఆ మూడు సెంట్లు మాత్రం మేం లాక్కున్నామనే అంటాడు ఇప్పటికీ. ఆయన లెక్కలో అది బెరుబారి.