కుడి చిటికెన వేలికి కాస్త ఊరట
ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరికలో తెలుగు టైపు చేసేవాళ్లు ఒకసారి గమనించండి. గుణింతాలు ఎడమ చేతికి, హల్లుల్లో ఎక్కువ భాగం కుడి చేతికి. రెండు చేతులూ వంతులవారీగా పనిచేస్తాయి, చాలా తెలివైన అమరిక. కానీ చ, ట, జ, డ, య అన్నీ కుడి చిటికెన వేలి మీదే పడ్డాయి. వెళ్లాడు, చూశాడు, అయ్యాయి, పోయాయి... ఇవి లేకుండా తెలుగులో ఒక్క పేజీ అయినా రాయగలమా? చాలా భారతీయ లిపులకు కలిపి చేసిన అమరిక అది, మన క్రియల కోసం చేసింది కాదు.

సాయంత్రానికి ఆ వేలు మణికట్టు దాకా లాగేది. అందుకే మైక్రోసాఫ్ట్ కీబోర్డ్ లేఅవుట్ క్రియేటర్‌లో సొంత అమరిక చేసుకున్నాను. చూపుడు వేలికి అందే హ, బ మనకు అంత తరచుగా రావు. య, హ చోట్లు మార్చాను. డ, బ చోట్లు కూడా, షిఫ్ట్‌లో ఉండే ఢ, భలతో సహా. మిగతావి ముట్టుకోలేదు. అలవాటైన వేళ్లని మొత్తంగా తిప్పేస్తే అదో కొత్త టెన్షన్. ఎక్కువ వాడే అక్షరాలు సులువుగా అందాలన్నది కొత్త ఆలోచనేమీ కాదు. ఇంగ్లీషుకి 1936లోనే పేటెంట్ పొందిన డ్వొరాక్ కీబోర్డు అమరికలో ఎక్కువ వాడే అక్షరాలు వేళ్లు ఆనే మధ్య వరుసలోనే ఉంటాయి.

కొన్నాళ్లు నెమ్మదిగా సాగింది. ఇప్పుడు నొప్పి బాగా తగ్గింది. ఫైలు కావాలంటే అడగండి, పంపిస్తాను.