62వ సిట్టింగ్: అంచు ఇంకా పడే ఉంది, కానీ 4 మిల్లీమీటర్లు కాదు, ఒకటిన్నర!

టెలిస్కోప్ కోసం ఇంట్లోనే తోముకుంటున్న అద్దం గురించి ఇది, ఒక్కో విడత తోమడం ఒక సిట్టింగ్. పొద్దున్న 5.10కి మొదలెట్టి 6కి ఆపేసి, మిర్రర్‌ని స్టాండ్ మీద రెండు గంటలు చల్లారనిచ్చి, ఫ్యాన్ ఆపి, అమ్మని హాల్లోకి రావద్దని బతిమాలి రాంకీ (సన్నటి గీతల జాలీలోంచి అద్దం ఆకారం చూసే పరీక్ష) పెట్టి చూశా. గీతల చివర, అంచు పడిందని చెప్పే కొక్కేలు చిన్నవయ్యాయి. నమ్మకం కుదరక మూడుసార్లు ఫోటో తీశా, మూడింట్లోనూ అదే.

కొత్తగా చదివేవాళ్లకి: 6 అంగుళాలు, ఎఫ్/8 (ఫోకస్ దూరం అద్దం వెడల్పుకి ఎనిమిది రెట్లు), మామూలు ప్లేట్ గ్లాస్. గ్రైండింగ్ అంతా బాగానే వెళ్లింది, అద్దం మధ్య పల్లం లోతు 1.19 మి.మీ. రావాలి, వచ్చింది. పాలిష్ కూడా మధ్య నుంచి దాదాపు చివరిదాకా వచ్చేసింది, గ్రైండింగ్ మిగిల్చే సన్న గుంటలు లేవు. ఏడుపంతా అంచు దగ్గరే. 41వ సిట్టింగ్ నుంచి చుట్టూ 4 మి.మీ. వెడల్పున అంచు కిందకి పడిపోయి ఉంది, నైఫ్ ఎడ్జ్ (వెలుతురుకి అడ్డంగా బ్లేడు పెట్టి చూసే పరీక్ష) పెడితే ఒక పక్క అంచు వెంట ఉండాల్సిన ఆ సన్నటి వెలుగు గీత అసలు కనబడదు. నల్లరంగు వేసి ఆ భాగం కప్పేయొచ్చు కదా అని చాలామంది అన్నారు, 152 మి.మీ.లో 144 మిగుల్తుంది, లెక్కేస్తే పది శాతం వెలుతురు పోతుంది అంతే. నిజమే, కానీ ఇన్ని నెలలు తోమి చివర్లో రంగు పూయడమా, మనసొప్పలేదు.

ఏమేం చేశానో వరసగా రాస్తా, ఎవరికైనా పనికొస్తే పనికొస్తుంది. ముందు ల్యాప్ (అద్దాన్ని తోమే బిళ్ల, పైన తారులాంటి పిచ్ ఉంటుంది) మిర్రర్ కంటే పెద్దదైపోయిందేమో అనుకుని చుట్టూ 3 మి.మీ. చెక్కేశా, ఏం తేడా రాలేదు. తర్వాత బెవెల్ (అంచు చివర ఏటవాలు చెక్కు) అరిగిపోయిందని మళ్లీ ఒకటిన్నర మి.మీ. వేశా, అదీ కాదు. స్ట్రోక్ (ఒక్కో తోపు పొడవు) అద్దం వెడల్పులో మూడో వంతు నుంచి నాలుగో వంతుకి తగ్గించా, కొంచెం నయమనిపించింది కానీ అది నా కోరికేమో, ఫోటోలో మాత్రం నయం లేదు. ల్యాప్‌ని పైన, మిర్రర్‌ని కింద పెట్టి ఆరు సిట్టింగులు చేశా, అది మాత్రం పక్కా తప్పు, 4 కాస్తా 5 అయింది. ఆ వారమంతా మిర్రర్‌ని టవల్లో చుట్టి బీరువాలో పెట్టేశా.

ఆ తర్వాతి వారం అద్దాలు తోముకునేవాళ్ల గ్రూప్‌లో, నాతోపాటే అదే నెలలో మొదలుపెట్టిన తమ్ముడొకడు 8 అంగుళాలది పూర్తి చేసి కోటింగ్ కూడా వేయించుకుని శని గ్రహం ఫోటో పెట్టాడు. కింద నాకో మెసేజ్, "అన్నా, ఇంకా పాలిషింగేనా?" పాపం వాడు ప్రేమగానే అడిగాడు, నాకే ఎక్కడో కాలింది. మర్నాడు వాడి స్పీడ్ చూసి ఏకధాటిగా మూడు గంటలు తోమా, చేతుల వేడికి ఏమైందో కింద చెప్తా. వాడికి చల్లటి బేస్‌మెంట్ ఉంది, పైరెక్స్ గ్లాసు ఉంది, నాకు మేడమీద గది, మే నెల, ప్లేట్ గ్లాసు. ఇవన్నీ సాకులేమో కూడా, కానీ ఆ రోజు నుంచి గ్రూప్‌ని మ్యూట్‌లో పెట్టి నా 41వ సిట్టింగ్ ఫోటోని ప్రింట్ తీసి గోడకి అంటించా. ఏ రోజు ఫోటోనైనా దాని పక్కన పెట్టి చూసుకోవడమే.

అలా చూస్తుంటేనే తట్టింది. రాత్రి పదింటికి చేసిన రోజుల్లో కొక్కేలు పెద్దగా ఉన్నాయి, అప్పుడు గదిలో 34 డిగ్రీలు. తెల్లవారుజామున 28. ఆ 34లో పిచ్ మెత్తబడి ల్యాప్ మీది చతురాల మధ్య కాలువలు రెండు సిట్టింగులకే మూసుకుపోయేవి, మెత్తటి పిచ్ అంచు దాటి పైకి ఉబ్బి గ్లాస్ చివరని తినేస్తోందన్నమాట. నేను వాడేది గుగోల్జ్ 64, చాలా మంచి పిచ్, ఎవరూ వంక పెట్టలేరు, కాకపోతే హైదరాబాద్ ఎండాకాలానికి ఇంకా గట్టిదైన 73 తెచ్చుకోవాల్సింది, అది నా తెలివి. మళ్లీ ఆర్డర్ ఎందుకని 300 గ్రాములకి 30 గ్రాముల రోజిన్ (పైన్ చెట్టు జిగురు, పిచ్‌ని గట్టిపరుస్తుంది) కలిపి కరెంటు స్టవ్ మీద సన్నగా కరిగించా (గ్యాస్ మంట దగ్గర మాత్రం వద్దు బాబూ), ఇప్పుడు బొటనవేలి గోటితో గట్టిగా నొక్కితే తప్ప గుర్తు పడట్లేదు.

రెండో అనుమానం నా వేళ్లు. గ్లాస్‌ని అంచుల దగ్గర పట్టుకుని తోస్తుంటే ఆ వేడికి అంచు ఉబ్బుతుంది, ఉబ్బింది కాబట్టి ఎక్కువ అరుగుతుంది, చల్లారాక చూస్తే పల్లం. ప్లేట్ గ్లాస్ వేడికి పైరెక్స్ కంటే దాదాపు మూడు రెట్లు వ్యాకోచిస్తుంది కాబట్టి ఇది నాకే ఎక్కువ కనబడాలి. మూడు గంటలు ఏకధాటిగా తోమిన ఆ రోజు ఫోటోనే అన్నిటికంటే ఘోరం, సరిపోయింది. అందుకని ఇప్పుడు మా వంటింటి మసిగుడ్డ నాలుగు మడతలు వేసి మిర్రర్ వెనక పెట్టి, చేతులు మధ్యలోకి తెచ్చి పట్టుకుంటున్నా. అమ్మ చూసి "ఏరా, మసిగుడ్డ కూడానా, ఇక గిన్నెలు కూడా నువ్వే తోమెయ్యి" అంది. సీరియం (పాలిష్ పొడి) ఎర్రమరకలు ఆ గుడ్డకి ఇక పోవు, కొత్తది కొనివ్వాలి.

పిచ్చా, వేళ్లా, తెల్లవారి చలువా, దేనివల్ల తగ్గిందో తేల్చి చెప్పలేను, మూడూ ఒకేసారి మార్చా, ఓపిక లేక. ఒక్కోటీ విడిగా చేసి చూడాలనేది పుస్తకంలో మాట. ఒకటిన్నర అంటే 149 మిగిలింది, వెలుతురు నష్టం 4 శాతమే.

ఆఫీసుకి రోజూ బేగంపేట మీదుగానే వెళ్తా, అక్కడ నిజామియా అబ్జర్వేటరీలో ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు గారి నాన్న పనిచేసేవారు. బప్పు గారు మన దేశంలోనే తోమించి తయారుచేయించిన 2.3 మీటర్ల అద్దంతో టెలిస్కోప్ తమిళనాడులోని కావలూరులో 1986లో గానీ మొదలవలేదు, ఆయన 1982లోనే పోయారు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఇది గుర్తొచ్చి నా ఆరంగుళాల మీద నాకే నవ్వొస్తుంది.

ఇక ముందు: ఇంకో ఎనిమిది సిట్టింగులు, అన్నీ తెల్లవారుజామునే, అరగంట మించకుండా. ఒకటి కంటే తగ్గకపోతే 5 మైక్రాన్ పొడితో గ్రైండింగ్‌కి వెనక్కి వెళ్లడమే, అదీ రాసిపెట్టుకున్నా, భయం లేదు. అంచు కుదిరాక పారబోలా ఆకారం తేవాలి, నా టెస్టర్‌లో లైటు కదలదు కాబట్టి మధ్య నుంచీ అంచు నుంచీ వచ్చే వెలుతురు కలిసే చోట్ల తేడా 2.38 మి.మీ. రావాలి. కోటింగ్ బయట వేయించాలా, ఇంట్లోనే వెండి పూసుకోవాలా అన్నది తేలలేదు, వెండి చూడ్డానికి బావుంటుంది కానీ మన గాలికి ఎన్నాళ్లు నిలుస్తుందో. ట్యూబ్‌కి 8 అంగుళాల పీవీసీ పైపు చూసొచ్చా, బరువెక్కువ, ప్లైవుడ్డే మేలనిపిస్తోంది.

శని వలయాలు 2025 మార్చిలో మనకి అంచు తిరిగి సూదిలా సన్నబడ్డాయి, ఇప్పుడు మెల్లగా తెరుచుకుంటున్నాయి, బాగా విప్పారేది 2032 ప్రాంతంలో. ఇది మా ఆవిడకి చెప్తే "అయితే తొందరేం లేదన్నమాట" అంది. అలారం 4.45కి మార్చా.